దొంగ పడితే ఎంతవరకు కొట్టవచ్చు? తోట, ఇల్లు, మోటారు కాపాడుకునేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి

తోతాపురి మామిడికాయ బలిసే రోజులు వస్తే చాలు, బంగారుపాళ్యం, దామలచెరువు వైపు రైతులు అడిగే ప్రశ్న ఒకటే. "రాత్రి తోటలో దొంగ పడితే కొట్టొచ్చా సార్? వాడికేమన్నా అయితే కేసు మా మీదికే వస్తుందా?" తిరుపతి టౌనులో ఉండేవాళ్లు ఇదే మాటను ఇంకోలా అడుగుతారు. "రాత్రిపూట తాళం పగలగొట్టి ఇంట్లోకి వస్తే ఏం చేసినా చట్టం ఒప్పుకుంటుందంట కదా?" అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ముందు జవాబు చెప్పేస్తాను. దొంగను ఆపడానికి బలం వాడవచ్చు, బుద్ధి చెప్పడానికి వాడకూడదు. ఆస్తి కోసం ప్రాణం తీసేదాకా వెళ్లే హక్కు నాలుగు సందర్భాల్లోనే ఉంది. ఆ నాలుగింటిలో కూడా అవసరానికి మించి కొడితే హక్కు చేజారుతుంది.

ఇది భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్ల విషయం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. పాత ఐపీసీలో ఇవే 96 నుంచి 106 వరకు ఉండేవి. నంబర్లు మారాయి గానీ అసలు సూత్రాలు దాదాపు అవే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఛార్జింగ్ ఉన్న ఫోన్. కావలి గుడిసెలో సిగ్నల్ ఎక్కడ అందుతుందో పగలే చూసుకోండి. 112 (పోలీసు), 108 (అంబులెన్సు) నంబర్లు ఇంట్లో పిల్లలకు కూడా తెలియాలి.
- మంచి టార్చి, విజిల్ లేదా సైరన్. మనిషి కదిలితే వెలిగే సెన్సర్ లైటు దొరికితే ఇంకా మంచిది.
- పొలం పాస్‌బుక్, రెవెన్యూ రికార్డులైన 1బి, అడంగల్ కాపీలు, ఇంటికైతే పన్ను రసీదు, కరెంటు బిల్లు. స్థలం మీ స్వాధీనంలో ఉందని చూపాల్సిన రోజు వస్తే ఇవే మాట్లాడతాయి.
- వీలైతే సిమ్ కార్డుతో పనిచేసే సోలార్ కెమెరా.
- చేతికర్ర. నాటు తుపాకి మాత్రం వద్దే వద్దు. లైసెన్సు లేని తుపాకి చేతిలో ఉంటే దొంగ సంగతి ఎలా తేలినా ఆయుధాల చట్టం కింద మీ మీద వేరే కేసు ఉంటుంది.

1. నాలుగు సందర్భాలు నోటికి వచ్చేలా గుర్తుపెట్టుకోండి

సెక్షన్ 41 చెప్పేది ఇది. ఆస్తిని కాపాడుకునే క్రమంలో ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాని సందర్భాలు:

ఒకటి, దోపిడీ. అంటే దొంగతనం కోసం మనిషిని కొట్టడం, కట్టేయడం, అప్పటికప్పుడు చంపుతానని బెదిరించడం. వెనకనుంచి వచ్చి మెడలో గొలుసు లాక్కుని బండి మీద పోయాడు, మీకు దెబ్బ తగల్లేదు, బెదిరింపు లేదు అనుకోండి. అది మామూలుగా సెక్షన్ 304 కింద స్నాచింగ్. అదే గొలుసు కోసం మెడ మీద కత్తి పెడితే దోపిడీ.

రెండు, సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇల్లు పగలగొట్టి రావడం. తాళం విరగ్గొట్టి, గోడకు కన్నం వేసి, గోడ ఎక్కి దూకి, మనుషులు రాని దారిలోంచి లోపలికి చొరబడటం ఇందులోకి వస్తాయి. తెరిచి ఉన్న తలుపులోంచి నడిచి వచ్చినవాడు మామూలుగా ఇందులోకి రాడు.

మూడు, మనుషులు ఉండే ఇంటికి, గుడిసెకు, సామాను దాచే గోదాముకు నిప్పు పెట్టడం లేదా పేలుడు పదార్థంతో ధ్వంసం చేయడం.

నాలుగు, దొంగతనం, ఆస్తి ధ్వంసం, ఇంట్లోకి అక్రమంగా చొరబడటం. అయితే అప్పుడు ఎదిరించకపోతే ప్రాణం పోతుందనో, తీవ్రమైన గాయం అవుతుందనో భయపడటానికి తగిన కారణం ఉండాలి.

రైతులు ఇక్కడే పొరబడుతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మామిడి తోట ఇల్లు కాదు. అర్ధరాత్రి రెండు గంటలకు కంచె దాటి వచ్చి కాయలు కోసుకుంటున్నవాడు "రాత్రిపూట ఇల్లు పగలగొట్టిన" వాడు కాడు. బోరు దగ్గర కేబుల్ కోసుకునేవాడు, ట్రాన్స్‌ఫార్మర్ విప్పి రాగి తీసుకుపోయేవాడు కూడా అంతే. వాళ్ల విషయంలో మీకున్నది సెక్షన్ 42 హక్కు. ఆపవచ్చు, తోయవచ్చు, పట్టుకోవచ్చు, ఆపడానికి తప్పదంటే కర్రతో కొట్టవచ్చు. చావు తెచ్చే పని మాత్రం చేయకూడదు. అతను కొడవలి ఎత్తి మీ మీదికి వస్తే అప్పుడు లెక్క మారుతుంది. ఆ క్షణం నుంచి మీరు కాపాడుకునేది కాయల్ని కాదు, ప్రాణాన్ని. దానికి సెక్షన్ 38 వేరే ఉంది.

ఐదు వేల రూపాయల కంటే తక్కువ విలువైన సొత్తు దొంగిలించి, మొదటిసారి దోషిగా తేలి, సొత్తు తిరిగి ఇచ్చినవాడికి కొత్త చట్టంలో శిక్ష సమాజ సేవ. అతన్ని కొట్టి చంపినవాడికి హత్య రుజువైతే యావజ్జీవం లేదా ఉరి. ఒక సంచి కాయల కోసం ఒక కుటుంబం మొత్తం రోడ్డున పడటం నాకు తట్టుకోలేని బాధ. కాయలు పోతే పంట నష్టం, మనిషి జైలుకు పోతే ఇల్లే పోతుంది.

2. కంచెకు కరెంటు పెట్టి ఉంటే ఈరోజే తీసేయండి

పందుల కోసమనో దొంగల కోసమనో తీగ లాగి నేరుగా మెయిన్ లైను కరెంటు ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ గైడులో ఒక్క ముక్కే చదువుతామంటే ఇది చదవండి.

ఆత్మరక్షణ హక్కు అంటే ఎదురుగా ఉన్న ముప్పును చూసి, దానికి తగినంత బలం వాడటం. తీగ చూడలేదు, ఎంచలేదు. దొంగ వచ్చినా, తెల్లవారుజామున పాలకు పోయే పక్కింటి ఆమె వచ్చినా, బంతి కోసం వచ్చిన పిల్లవాడు వచ్చినా దానికి ఒకటే. బీహార్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన చెరుబిన్ గ్రెగరీ కేసు 1960ల నాటిది. తన మరుగుదొడ్డి వాడుకోకుండా పొరుగువాళ్లను ఆపాలని దారిలో కరెంటు తీగ కట్టాడు, హెచ్చరిక పెట్టలేదు, పొరుగింటి ఆమె తగిలి చనిపోయింది. వచ్చింది అనుమతి లేని మనిషే అయినా ఆస్తి రక్షణ హక్కు అతనికి వర్తించదని కోర్టు చెప్పి, శిక్షను ఖాయం చేసింది.

ఇప్పుడైతే నిర్లక్ష్యం వల్ల మరణం కింద ఐదేళ్ల దాకా, చావు రావచ్చని తెలిసే పెట్టారని తేలితే పదేళ్ల దాకా జైలు. మీటరు దాటి తీగ తగిలించి ఉంటే కరెంటు చౌర్యం కేసు అదనం. పలమనేరు, కుప్పం వైపు ఏనుగు తగిలి చనిపోతే వన్యప్రాణి చట్టం కింద మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా.

బదులు ఏం చేయాలి? బ్యాటరీతో నడిచే సోలార్ కంచె పెట్టించండి. దాని పెట్టె క్షణంలో చిన్న భాగం పాటు మాత్రమే షాక్ ఇచ్చి వదిలేస్తుంది. గట్టిగా తగులుతుంది గానీ ప్రాణం తీయడానికి చేసింది కాదు. ఆ కంచెను కూడా మెయిన్ లైనుకు కలపవద్దు. బ్యాటరీ దిగిపోయిందని ఒక్క రాత్రికి కలిపినా అది చంపే తీగే. తెలుగులో, తమిళ సరిహద్దు ఊళ్లలో తమిళంలో కూడా హెచ్చరిక బోర్డులు కట్టండి. బొమ్మ కూడా ఉండాలి, చదువు రానివాళ్లు కూడా ఆ దారిన నడుస్తారు.

గోడ వెనక పాతిన మేకుల పలకలు, తలుపు తీస్తే పేలే ఏర్పాట్లు, దొంగ తాగుతాడని మందు కలిపి పెట్టిన నీళ్లు, ఇవన్నీ కరెంటు తీగ లాంటివే. గోడ మీద అందరికీ కనిపించేలా పెట్టిన గాజుపెంకులను వీటితో కలపకండి, అవి ఎక్కవద్దని కళ్లకు చెబుతున్నాయి.

3. చప్పుడు వినగానే వెలుగు, కేక, ఫోన్

ఈ మూడూ ఇదే వరసలో చేయండి. లైటు వేయండి. గట్టిగా అరవండి, "ఎవరది, పోలీసులకు ఫోన్ చేశాం" అని. వెంటనే 112కు చేయండి. ఎక్కువమంది దొంగలు వెలుగుకే పారిపోతారు, మీకు కావాల్సింది కూడా అదే.

ఫోన్ ఎందుకంటే, పోలీసుల సాయం తీసుకునే సమయం ఉండి కూడా తీసుకోకపోతే ఆత్మరక్షణ హక్కే లేదని సెక్షన్ 37 చెబుతోంది. దొంగ కళ్లెదుట ఉంటే ఫోన్ చేసి కూర్చోమని దాని అర్థం కాదు. ఆస్తి పోతున్నప్పుడు పారిపోనక్కర్లేదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. 2010లో దర్శన్ సింగ్ కేసు తీర్పులో ఈ సూత్రాలన్నీ ఒకచోట ఇచ్చింది. అయితే రేపు రాత్రి దొంగలు వస్తారని ఇవాళ పొద్దునే తెలిసి, స్టేషనుకు చెప్పకుండా పదిమందిని కర్రలతో కాపు పెట్టించారనుకోండి. అప్పుడు మీది రక్షణ అని నమ్మించడం చాలా కష్టం.

పక్క పొలంవాళ్లు సాయం రావచ్చు. వేరేవాళ్ల ఆస్తిని కాపాడే హక్కు కూడా చట్టంలో ఉంది. గుంపు పెరిగేకొద్దీ ఎవరి దెబ్బ ఎక్కడ పడిందో తెలియదు, అందుకే ఒకరు పెద్దరికం తీసుకుని "చాలు" అనగలగాలి.

4. కొట్టక తప్పని పరిస్థితి వస్తే

కాళ్ల మీద, చేతుల మీద కొట్టండి. తల మీద, మెడ మీద, ఛాతీ మీద వద్దు. కోర్టు ముందుగా చూసేది ఏ ఆయుధం, ఎక్కడ తగిలింది, ఎన్ని దెబ్బలు అన్నదే. ఆ గందరగోళంలో మీ దెబ్బను త్రాసులో తూచరు, ఈ మాట తీర్పుల్లో ఉంది. కానీ ఒక దెబ్బకు కింద పడినవాడికి ఇంకో పది దెబ్బలు ఉంటే దాన్ని గందరగోళం అని ఎవరూ అనరు.

దొంగ ముందు కొట్టేదాకా ఆగాలా? అక్కర్లేదు. గొడ్డలి ఎత్తాడు, దగ్గరకు వస్తున్నాడు, అంతే చాలు. తగిన భయం ఉంటే హక్కు మొదలైనట్టే.

5. అతను వెన్ను చూపిన క్షణంలో ఆగిపోండి

కేసులు ఎక్కువగా ఇక్కడే తిరగబడతాయి. హక్కు ఎంతసేపు ఉంటుందో సెక్షన్ 43లో ఉంది. సొత్తు పట్టుకుని పారిపోతుంటే వెంబడించి లాక్కోవచ్చు. సొత్తు చేతికి వచ్చినా, సొత్తుతో అతను పూర్తిగా తప్పించుకుపోయినా, పోలీసులు వచ్చినా హక్కు ముగిసింది. ఇంట్లో చొరబడినవాడైతే లోపల ఉన్నంతసేపే.

సంచి పడేసి కంచె దూకుతున్నవాడి వీపు మీద రాయి విసిరితే అది రక్షణ కాదు. 1960ల నాటి జైదేవ్ కేసులో పొలం దగ్గర గొడవ అయ్యాక పారిపోతున్నవాళ్ల మీద కాల్పులు జరిపారు. ముప్పు పోయాక హక్కు లేదని సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి రోజు ఊళ్లో దొరికినవాడిని కొట్టడం సంగతి చెప్పనే అక్కర్లేదు.

6. దొరికితే ఆరు గంటల లోపు అప్పగించండి

మీ కళ్ల ముందు తీవ్రమైన నేరం, అంటే పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోగలిగే, బెయిలు హక్కుగా రాని నేరం చేసినవాడిని మీరే పట్టుకోవచ్చు. అనవసరమైన ఆలస్యం లేకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 40 చెబుతోంది. ఐదు వేల లోపు చిన్న దొంగతనం ఈ వర్గంలోకి రాదు. అలాంటప్పుడు సొత్తు తీసుకుని, వీలైతే ఫోటో తీసి, వదిలేసి, స్టేషనులో ఫిర్యాదు ఇవ్వడమే క్షేమం.

కరెంటు స్తంభానికి కట్టి కొట్టడం, గుండు గీయించడం, వీడియో తీసి గ్రూపుల్లో పెట్టడం అస్సలు వద్దు. ఆ వీడియో మీ మీద సాక్ష్యం. దొంగతనం కేసులో ఫిర్యాదుదారు కావాల్సిన మీరు కొట్టిన కేసులో ముద్దాయి అవుతారు.

7. ఎదుటివాడికి దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా

ఆ టెన్షన్‌లో ఏం చేయాలో తోచదు, అందుకే వరసగా రాస్తున్నాను.

- ముందు 108. దొంగ అయినా సరే. మీ ఉద్దేశం ఆపడమే తప్ప చంపడం కాదని చెప్పే పనుల్లో ఇది మొదటిది.
- వెంటనే 112. మీరే చేయాలి, ఊరివాళ్లు చేసేదాకా ఆగకూడదు.
- అతని కొడవలి, సంచి, విరిగిన తాళం, చెప్పులు ఏవీ ముట్టుకోవద్దు. నేల కడగవద్దు. ఇంట్లోంచి కత్తి తెచ్చి అతని చేతి దగ్గర పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు. అలా చేస్తే నిజమైన ఆత్మరక్షణ కూడా అబద్ధంగా మారిపోతుంది.
- మీకు గీత పడినా ప్రభుత్వాసుపత్రిలో చూపించి నమోదు చేయించుకోండి. తిరుపతిలో రుయా, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉన్నాయి. మీ ఒంటి మీద గాయం ముందు ముప్పు ఎవరి నుంచి వచ్చిందో చెబుతుంది.
- కెమెరా ఉంటే పాత రికార్డింగ్ చెరిగిపోకముందే పోలీసులకు చెప్పండి. డీవీఆర్‌ను (కెమెరా రికార్డింగ్ పెట్టెను) మీరే విప్పి మార్పులు చేయవద్దు.
- ఏం జరిగిందో నిజం చెప్పండి, వివరంగా చెప్పేముందు లాయరును కలవండి. లాయరుకు డబ్బులు లేకపోతే 15100కు ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థ నంబరు.

ఆత్మరక్షణ అని చూపించే బాధ్యత కోర్టులో ముద్దాయి మీదే ఉంటుంది. కానీ నేరాన్ని పోలీసుల పక్షం రుజువు చేయాల్సినట్టు అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని కోర్టుకు అనిపిస్తే చాలు. మంచి మనసుతో కాపాడుకోబోయి, ముందుగా పథకం లేకుండా, హద్దు దాటి చంపితే అది హత్య కిందికి రాదు, న్యాయ సంహిత సెక్షన్ 105 కిందికి వస్తుంది. అక్కడా శిక్ష చిన్నదేమీ కాదు, యావజ్జీవం దాకా పోవచ్చు.

గట్టు తగాదా, కబ్జా వేరే సంగతి

పక్కవాడు గట్టు జరిపాడు, రాళ్లు పీకాడు, ట్రాక్టరు పెట్టి దున్నేశాడు. ఇక్కడ నాలుగు సందర్భాల్లో ఏదీ లేదు. చేను మీదికి అక్రమంగా రావడం ఆ జాబితాలోనే లేదని గమనించండి, అందులో ఉన్నది ఇంట్లోకి చొరబడటం. వస్తుండగా అడ్డుకోవచ్చు. కానీ వాడు వచ్చి, నాటి, కొన్నాళ్లుగా సాగు చేసుకుంటుంటే అది స్థిరమైన స్వాధీనం. అప్పుడు మీరు కర్రలతో వెళితే దాడి చేసింది మీరే అవుతారు, పట్టా మీ పేరున ఉన్నా సరే.

దారులు ఇవి. బలవంతంగా ఖాళీ చేయిస్తే ఆరు నెలల లోపు నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 6 కింద సివిల్ కోర్టుకు వెళ్లండి, ఇందులో హక్కు పత్రాల చర్చ లేకుండా స్వాధీనమే చూస్తారు. గొడవ ముదిరేలా ఉంటే పోలీసులు, ఆర్డీవో, తహసీల్దారు ద్వారా సురక్షా సంహిత సెక్షన్ 164 కింద చర్య కోరండి. సర్వే పెట్టించండి.

కొలతలకు వచ్చిన సర్వేయరును, ఆక్రమణ తీయడానికి వచ్చిన మున్సిపల్ సిబ్బందిని కొట్టకండి. డ్యూటీలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి మంచి ఉద్దేశంతో చేసే పని చట్టప్రకారం కాస్త అటూఇటూ ఉన్నా, మీకు ప్రాణభయమో తీవ్ర గాయం భయమో లేనంతవరకు ఆత్మరక్షణ హక్కు ఉండదు.

పక్కవాళ్ల గేదెలు, మేకలు వేరుశనగలో పడితే వాటిని నరకడం, మందు పెట్టడం మరో నేరం. తోలి, ఫోటో తీసి, పంచాయతీలో నష్టం అడగండి.

ఎక్కువగా చేసే తప్పులు

"రాత్రి కాబట్టి ఏం చేసినా పరవాలేదు" అనుకోవడం. ఇందాక చెప్పినట్టు రాత్రి అయితే సరిపోదు, ఇల్లు ఉండాలి, పగలగొట్టడం ఉండాలి, ఆపై అవసరం కూడా ఉండాలి. తాళం విరగ్గొట్టి వచ్చిన పదిహేనేళ్ల పిల్లవాడు చేతులెత్తి నిలబడితే అతన్ని నరికే హక్కు ఎవరికీ లేదు.

"బోర్డు పెట్టాం కాబట్టి మా పూచీ లేదు" అనుకోవడం. అపాయం అని రాసినంత మాత్రాన చంపే తీగ చట్టబద్ధం కాదు.

కావలి మనిషికి "ఎవడొచ్చినా వదలొద్దు" అని చెప్పడం. అతను ఏం చేసినా ఆ మాట మిమ్మల్ని కూడా కేసులోకి లాగవచ్చు. "లైటు వెయ్యి, కేక వెయ్యి, నాకు ఫోన్ చెయ్యి" అని చెప్పండి.

కేసు అవుతుందని భయపడి ఫిర్యాదే ఇవ్వకపోవడం. జరిగిన దొంగతనానికి మీ ఫిర్యాదు లేకపోతే మిగిలేది అతని దెబ్బల ఫిర్యాదు ఒక్కటే. ఏ స్టేషనులోనైనా ఇవ్వవచ్చు, పరిధి కాదని తిప్పి పంపకూడదు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి.

సరిగ్గా సిద్ధమయ్యారో లేదో చూసుకోవడం

పగటిపూట తోట చుట్టూ ఒకసారి తిరగండి. ఏ తీగ అయినా స్టార్టరు పెట్టె నుంచి కంచె వైపు పోతోందా? పోతుంటే ఫ్యూజు తీసి, లైన్‌మన్‌ను పిలిపించి, అతని చేత తీయించండి, మీరే చేయి పెట్టవద్దు.

సాయంత్రం చీకటి పడ్డాక ఇంట్లోవాళ్లను నిలబెట్టి అడగండి. కాయలు కోసుకుని పారిపోయేవాడిని ఏం చేయాలి? కొడవలి ఎత్తినవాడిని ఏం చేయాలి? తాళం పగలగొట్టి వచ్చి, మిమ్మల్ని చూసి బయటికి పరుగెత్తినవాడిని ఏం చేయాలి? మొదటిదానికి "కాయలు లాక్కోవాలి, ఫోన్ చేయాలి", రెండోదానికి "ఆగేదాకా ఎదిరించాలి", మూడోదానికి "పోనివ్వాలి, 112కు చెప్పాలి" అని వస్తే అర్థమైనట్టే. మూడోదానికి కుర్రవాళ్లు "వెంటపడి కొట్టాలి" అంటే అయిదో అడుగు మళ్లీ చదివించండి.

ఊరెళ్లే ముందు తిరుపతి టౌనువాళ్లు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ సేవ అడగండి. తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి, కదలిక కనపడితే పోలీసులకు తెలిసేలా చేసే ఏర్పాటు అది. బోరు కేబుల్‌ను పైపులో వేసి భూమిలో పాతితే కోసుకుపోవడానికి చాలాసేపు పడుతుంది. నగలకు బ్యాంకు లాకరు, షాపులకు బర్గ్లరీ ఇన్సూరెన్స్ ఉన్నాయి. లాకరు, పాలసీ కాగితాలు పాస్‌బుక్ కాపీల పక్కనే ఒక కవరులో పెట్టి, ఆ కవరు ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి.